ఉదయగిరి కొలువున వెఱపు కథలు

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమున, పెన్నానది కుత్తరముగా ఆత్మకూరును, దానికి వాయవ్యదిశను ఉదయగిరియు నున్నవి. ఉదయగిరి దుర్గము సుమారు 3,000 అడుగుల యెత్తుగల కొండపై వెలసినది. ఈ సీమ చరిత్రమును వ్రాసినవారు దుర్గము ముట్టడులను, ఏలికల వంశక్రమమును, శాసనముల తిథివారములను విపులముగా చర్చించిరి. అచటి కొలువు నాశ్రయించి పుట్టిన తెలుగు కావ్యములను సయితము పేర్కొనిరి. కాని యా కావ్యములను నేడు చేతబట్టి చదివినవానికి నిజముగా కలుగు నభిప్రాయ మెట్టిది యను ప్రశ్న తఱచుగా విడువబడినది. కృతిపతి యెవరు, కాలమేది, కవి యేవంశమువాడు అనునవి తేలినచో విమర్శ ముగిసినట్లే భావింపబడుచు వచ్చెను. చరిత్రమునకు కాలనిర్ణయ మెంత యవసరమో, గుణనిర్ణయమును అంతే యవసరము. ఒక కొలువు దేనికి వెఱచినదో, దేనికి ఆశ్చర్యపడినదో తెలియనిదే ఆ కొలువు తెలిసినట్లు కాదు.

15వ శతాబ్ది ఉత్తరార్ధమున ఉదయగిరి నేలిన బసవరాజు తమ్మరాయని కుమారుడు. ఆతని కొలువుతో సంబంధించిన కావ్యములు మూడు ప్రసిద్ధములు. దూబగుంట నారాయణకవి పంచతంత్రమును బసవరాజునకే యంకితముచేసెను. దగ్గుపల్లి దుగ్గన నాసికేతోపాఖ్యానమును, నంది మల్లయ ఘంట సింగయ లను జంటకవులు ప్రబోధచంద్రోదయమును ఆ రాజునకు మంత్రియైన గంగయ కంకితము గావించిరి. ఈ మూడింటికిని సమానమైన లక్షణ మొకటి కలదు. మూడును అద్భుతమును, భయమును ఆధారముగా గొన్నవి. ఒకదానియందు మృగములు రాజకార్యములు విచారించును. ఒకదానియందు బ్రదికియున్న బాలుడు యమపురమునకు పోయి తిరిగివచ్చును. ఒకదానియందు ఎముకలపేరులు దాల్చిన కాపాలికుడు నరమాంసహోమమును కొనియాడును. నేటి పాఠకుడు భయానకనవల, అద్భుతనవల యని వేఱుపఱచి చదువుకొనుచున్న కథావస్తువు నాడు ఉదయగిరికొండ క్రింద పద్యములలో చదువబడుచుండెను.

ఈ యభిరుచి ఉదయగిరికే పరిమితము కాదు. ఆ శతాబ్దియందే అనంతామాత్యుడు భోజరాజీయమును, కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశికను, జక్కన విక్రమార్కచరిత్రమును రచించిరి. బేతాళుడు, యోగిని, పరకాయప్రవేశము మొదలగు వస్తువులు ఆనాటి శ్రోతలకు సుపరిచితములు. అయినను ఉదయగిరియందు ఈ కథలకు వేఱొక యర్థము కలదు. 1434 ప్రాంతమున రాజ్యమునకు వచ్చిన కపిలేశ్వర గజపతి కాలమునుండి ఈ దుర్గము ఒడ్డె రాజ్యమునకును విజయనగరమునకును నడుమ సరిహద్దుకోటయై, చేతులు మాఱుచు వచ్చెను. ఇచటి ప్రజకు భయము కావ్యరసము మాత్రమే కాదు, దినచర్య. అట్టి చోట వెఱపును వస్తువుగా గొన్న కవి దానిని దేనికి వినియోగించెనో పరిశీలింపదగియున్నది.

ఆ ప్రాంతమున వెఱపుయొక్క మొదటి వాఙ్మయము తాళపత్రములపై గాక రాతిపై నున్నది. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు నెల్లూరు జిల్లా శాసనములను సేకరించి మూడు సంపుటములుగా ప్రకటించిరి. అందు ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనములు వేఱువేఱుగా కూర్పబడినవి. తెలుగునాట దానశాసనము లన్నింటివలెనే ఈ సీమ శాసనములకును ఒక ముగింపు పద్ధతి కలదు. దేవునికో బ్రాహ్మణునికో భూమి నిచ్చిన పిదప, ఆ భూమి నపహరించినవాడు 60,000 ఏండ్లు పురీషమున క్రిమియై పుట్టునని శపించుట ఆ పద్ధతి. గంగాతీరమున గోవును చంపిన పాపమున పోవుదురని చెప్పుటయు నట్టిదే. దాత మరణించును, రాజు మాఱును, కరణము మాఱును. భూమికి కావలి యుండునది యీ వెఱపొక్కటియే.

ఈ కావలి యెంతవఱకు పనిచేసెను? దానములు చెడుటయు, మఱియొక పాలకుడు వానిని తిరిగి నిలుపుటయు దక్షిణదేశ శాసనములలో అరుదు కాదు. శాపము చదివియు భూమిని కాజేసినవారు ఉండిరని దీనివలన తేలుచున్నది. ఒకే మాటతో ఒకే శిక్షను ప్రతి ఱాతిపైనను చెక్కుటవలన ఆ శిక్షకు పదును తగ్గినదని చెప్పుట తప్పుగాదు. ఈ యొక్క విషయమును మనసున నుంచుకొని నాసికేతోపాఖ్యానమును చదువవలెను.

దుగ్గన శ్రీనాథునకు మఱది. ఆ మహాకవి శైలీచ్ఛాయ ఆతని రచనపై కలదని సాహిత్యచరిత్రకారు లంగీకరించిరి. నాసికేతుని కథ పురాణప్రసిద్ధము. ఉద్దాలకమహర్షి రేతస్సు పద్మమున నుండగా, చంద్రావతి యను రాజకన్య దాని నాఘ్రాణించి గర్భము దాల్చును. శిశువు నాసికనుండి పుట్టుటచే నాసికేతుడాయెను. నింద పాలైన తల్లి, నీటిలో విడువబడిన బిడ్డ, తుదకు తండ్రి శాపముచే యమలోకమునకు పోవలసిన బాలుడు — ఇంతవఱకు కథ పాఠకుని నిలిపి యుంచును. చంద్రావతి దోషమెఱుగని కన్య. ఆమె పడిన యవమానమునందు నిజమైన భయ మున్నది. లోకము తన మాట నమ్మదని తెలిసినవారి భయ మది.

కాని బాలుడు యమపురము చేరినతోడనే కథ నిలిచిపోవును. అటుపిమ్మట వచ్చునది జాబితా. ఈ పాపమునకు ఈ నరకము, ఆ పాపమునకు ఆ నరకము అను వరుస సాగుచుండును. నూనెకాగులు, ముండ్లచెట్లు, అగ్నిస్తంభములు మొదటి రెండుమూడు మాఱులు ఒడలు జలదరింపజేయును. పిదప పాఠకుడు లెక్కపెట్టుటకు మొదలిడును. లెక్కపెట్టువాడు వెఱచుట మానివేయును. దీనికి కారణము నరకవర్ణనము ఘోరము గాకపోవుట కాదు. అందు శిక్షపడువారికి పేరులేదు, ఊరులేదు, మాటలేదు. వారు పాపముల పట్టికలో సంఖ్యలు మాత్రమే. ఇటలీ దేశపు కవి దాంతే, 1321లో గతించినవాడు, తన కావ్యమున నరకమును ఇంతకంటెను క్రమముగా అంతస్తులు అంతస్తులుగా విభజించెను. అయినను అది విసుగు పుట్టింపదు. ప్రతి యంతస్తునను ఎవరో ఒకరు నిలిచి తమ కథను తామే చెప్పుకొందురు. వారి తప్పును ఎఱిగియు వారిపై జాలి కలుగును. ఆ జాలియే వెఱపును నిలుపునది.

ఇంకొక లోపము దీనికంటె పెద్దది. ఈ కథకు మూలపురుషుడైన నచికేతుడు కఠోపనిషత్తున యముని వాకిట మూడు రాత్రులు పస్తుండి, వరముగా ధనమును, ఆయువును, భోగమును తిరస్కరించి, మరణించినపిదప మనుజు డున్నాడా లేడా యని ప్రశ్నించును. అచట నూనెకాగులు లేవు. యముడే యా ప్రశ్నకు సమాధానము చెప్పుటకు వెనుదీయును. మృత్యువు సయితము చెప్పుటకు సంకోచించు విషయము కలదన్న యొక్క మాటలో నున్న గాంభీర్యము పురాణనరకము లన్నియు కలిసినను రాదు. ఉపనిషత్తునందలి బాలుడు అడుగువాడు, పురాణమునందలి బాలుడు చూచువాడు. చూచివచ్చినవాడు మునులకు వృత్తాంతము చెప్పును గాని, తాను మాఱినట్లు మనకు తోచదు. ఈ కథకు దేశమున గల ప్రచారము మాత్రము కాదనరానిది. 1803లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాలకై సదలమిశ్రుడు దీనినే హిందీ వచనమున వ్రాసెను. ప్రచారము గుణమునకు సాక్ష్యము కాదు. భయపెట్టి నడిపింపదలచిన ప్రతికాలమునకును ఈ పుస్తక మక్కఱకు వచ్చినదనుటకు మాత్రము అది సాక్ష్యము.

ప్రబోధచంద్రోదయము మఱియొక తీరుది. 11వ శతాబ్దిని చందేలరాజు కీర్తివర్మ కాలమున కృష్ణమిశ్రుడు రచించిన సంస్కృతనాటకమును మల్లయసింగయలు పద్యకావ్యముగా మార్చిరి. వివేకుడు, మహామోహుడు, శ్రద్ధ, శాంతి యనునవి యిందు పాత్రలు. గుణములకు మేనులు తొడిగి నడిపించుట అద్భుతకథకు కఠినమైన పరీక్ష. మోహమన నేమో ముందే యెఱిగిన పాఠకుడు మోహుడేమి చేయునో ముందుగానే గ్రహించును. కావున ఈ కావ్యమున కథవలన కలుగు నుత్కంఠ తక్కువ. ఆ మాట దాచుట వలన ప్రయోజనము లేదు.

అయినను కాపాలికుడు ప్రవేశించు ఘట్టమున కావ్యము లేచి నిలుచును. నరాస్థిమాలికలు, కపాలపాత్ర, భైరవునకు నరబలి — ఇవి యన్నియు భయంకరములే. చూచుచున్న క్షపణకుడును, భిక్షువును మొదట వెఱతురు. పిదప కాపాలికుడు మద్యపాత్రను, కాపాలినీసాంగత్యమును చూపగనే యిరువురును తమ వ్రతములను విడిచి ఆతని వెంట నడతురు. భయము నవ్వుగా మాఱును, నవ్వు వెనుక మఱల భయము నిలుచును. ఎముకలపేరు చూచి వెఱచిన మనుజుడు సుఖము చూచి వెఱవకుండుట మొదటి వెఱపుకంటె ఘోరమని కృష్ణమిశ్రుడు చూపెను, జంటకవులు దానిని తెలుగున నిలిపిరి. అటుపిమ్మట మహాభైరవి శ్రద్ధను, ధర్మమును ఎత్తుకొనిపోవుటయు, విష్ణుభక్తి వారిని విడిపించుటయు వచ్చును. అచట విడుదల సులభముగా జరిగిపోవుటచే భయమునకు నిలుచు తావు దొరకదు. ఒక మతమువారు ఇతరమతములవారిని ఎగతాళి చేయుట ఈ ఘట్టమున నున్నదనియు, నేటి పాఠకునకు అది కొంత కటువుగా తోచుననియు చెప్పక తప్పదు.

పంచతంత్రమును భయకథగా చదివినవారు తక్కువ. బాలురకు నీతికథలని పేరుబడినందున అందలి చీకటి మఱువబడినది. నారాయణకవి దానిని కోటలోని రాజునకు చదివి వినిపించెను, బాలురకు కాదు. దూబగుంట యను పేరుగల గ్రామము నేటికిని నెల్లూరు జిల్లాలో నున్నది. మొదటి తంత్రము ఒక శబ్దముతో మొదలగును. పింగళకుడను సింహము నీరు త్రాగబోయి, ముందెన్నడు వినని ఱంకె యొకటి విని నిలిచిపోవును. మృగరాజు వెఱచెను, వెఱచితినని చెప్పజాలడు. ఆ ఱంకె సంజీవకుడను ఎద్దుది. ఎద్దు సింహమునకు ఆహారము, శత్రువు కాదు. కాని కనబడని ఎద్దు సింహముకంటె పెద్దది. ఆ తావునందే దమనకుడను నక్క భేరి కథ చెప్పును. యుద్ధభూమియందు విడువబడిన భేరిపై గాలికి కొమ్మ తగిలి మ్రోయుచుండగా ఆకలిగొన్న నక్క వెఱచును. దగ్గఱకు పోయి చూచి, తోలును కట్టెయు తప్ప మఱేమియు లేదని గ్రహించును.

సరిహద్దుకోటలో కూర్చుండి యీ కథ వినువారికి భేరీనాద మన నేమో ఎవరును చెప్పనక్కఱలేదు. భయశాస్త్రమంతయు ఈ చిన్నకథలో నున్నది. తెలియని ధ్వని వెఱపించును, దగ్గఱకు పోయినవాడు తెలిసికొనును. కాని పంచతంత్రము ఇచట ఆగదు. భేరి బోలు అని తెలిసిన యా దమనకుడే పిదప సింహమునకు ఎద్దుపైనను, ఎద్దునకు సింహముపైనను బోలు భయములను కల్పించి, తుదకు ఎద్దును చంపించును. భయము మిథ్యయని యెఱిగినవాడే దానిని అమ్ముకొనుటకు నేర్పరి యగును. రాజునకు ఇంతకంటె భయంకరమైన కథ మఱియొకటి చెప్పవలనుపడదు. మూడు కావ్యముల కథావస్తువులలో నిజముగా వెఱపు పుట్టించునది, పిశాచము లేని ఈ పంచతంత్రమే యని నిష్పక్షపాతియగు పాఠకుడు ఒప్పుకొనవలసియుండును.

ఉదయగిరి కథ ఇంతటితో ముగియదు. 1513లో కృష్ణదేవరాయలు ఈ దుర్గమును ముట్టడించెను. ముట్టడి ఏడాదికి మించి సాగి, 1514లో కోట ఆతని వశమాయెను. ప్రతాపరుద్రగజపతి బంధువగు తిరుమల రాహుత్తరాయడు చిక్కెను. కోటలోని బాలకృష్ణమూర్తి విజయనగరమునకు కొనిపోబడి, 1515లో అచట నూతనాలయమున ప్రతిష్ఠింపబడెను. ఈ దండయాత్రల నడుమనే, కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున కనబడి కావ్యము వ్రాయుమని యాజ్ఞాపించినట్లు ఆముక్తమాల్యద పీఠిక చెప్పుచున్నది. ఆ కావ్యమున మాలదాసరి కథ కలదు. తెలుగున ఇంత వెఱపును, ఇంత సాంత్వనమును ఒక్కచోట కూర్చిన కథ మఱియొకటి దొరకుట కష్టము. ఉదయగిరి కొలువు సంపాదింపలేకపోయిన యుత్తమభయకథ ఉదయగిరిని జయించినవాని పేర వెలసినదనుట ఈ సీమవారికి రుచింపకపోవచ్చును. సత్యమైనందున చెప్పవలసివచ్చినది.

కథ సుప్రసిద్ధము. ప్రతిదినము వేకువను విష్ణ్వాలయమునకు పోయి పాడు దాసరి, ఒకనాడు రాత్రి యింకను తెల్లవాఱలేదని యెఱుగక బయలుదేఱి త్రోవ తప్పును. కవి మొదట రాక్షసుని చూపడు. మఱ్ఱిచెట్టును చూపును, దాని చుట్టు పడియున్న యెముకలను, తిండి మిగుళ్లను చూపును. ఇచటను జాబితా కలదు, కాని నరకపు పట్టికకును దీనికిని భేదము కలదు. ఇచట ప్రతి వస్తువును ఒక నడచువాని కన్నుతో చూడబడుచున్నది. ఆతడు వెనుకకు మరలగలడా లేడా యని పాఠకుడు తహతహపడును. కుంభజానుడను బ్రహ్మరాక్షసుడు పట్టుకొనినపిదప దాసరి మొదట పెనుగులాడును, ఓడిన పిదప వేడుకొనును. దేవునికి పాడి తిరిగివచ్చెదనని శపథములు చేయును. పోయి, పాడి, తిరిగివచ్చును.

ఈ తిరిగివచ్చుట తెలుగువారికి క్రొత్తది కాదు. అనంతామాత్యుని భోజరాజీయమునందలి గోవు పులికి మాట యిచ్చి, దూడకు పాలిచ్చి తిరిగివచ్చెను. ఆ కథ యెఱుగని తెలుగుబిడ్డ లేదు. కాని గోవు తిరిగివచ్చినతోడనే పులి కరగును. మాలదాసరి కథలో భేదము కులమునం దున్నది. తినువాడు పూర్వజన్మమున బ్రాహ్మణుడు, తినబడువాడు ఊరివెలుపలివాడు. తుదకు ఆ రాక్షసుడే దాసరి కాళ్లపై బడి, ఆతని పాటఫలమును యాచించి విముక్తి నొందును. శాసనముల చివర భూమి నపహరించువానికి చూపిన వెఱపు గాని, నాసికేతుని నరకమున పాపికి చూపిన వెఱపు గాని ఈ మార్పును తేజాలలేదు. అవి వెఱపించి ఆపజూచినవి. ఈ కథ వెఱచినవాని చేతిలోనే నిర్ణయమును విడిచినది. పాఱిపోవుటకు త్రోవ యుండియు తిరిగి మఱ్ఱిచెట్టు క్రిందికి నడచివచ్చిన యా యడుగులే ఈ కథకు ప్రాణము.

భయకథలపై పండితులకు గల యుపేక్ష పాతది. నేడును అది తగ్గలేదు. 1980 ప్రాంతమున యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళము చేతబడిని వస్తువుగా గొని వెలువడినప్పుడు అసంఖ్యాకులు చదివిరి, విమర్శకులు పలువురు చిన్నచూపు చూచిరి. పాఠకులు దానిని చదువుటకు కారణము మంత్రపుబొమ్మ మాత్రమే కాదు. ఒక చిన్నపిల్ల మంచముపట్టగా తల్లిదండ్రులు వైద్యమును నమ్మవలెనా మంత్రమును నమ్మవలెనా యని కొట్టుమిట్టాడుటయే అందలి పట్టు. చంద్రావతి యవమానమునందును, పింగళకుని మౌనమునందును, దాసరి తిరుగుప్రయాణమునందును ఉన్న పట్టు అదియే. ఆ పట్టు లేనిచో ఎంత నెత్తురు చిందించినను కథ శాసనాంత శాపమువలె అలవాటు మాటయై మిగులును.

కావున ఉదయగిరి కావ్యములను చదువబోవువారికి చెప్పదగినది యిది. పంచతంత్రమును పెద్దల గ్రంథముగా తిరిగి చదువవలెను. ప్రబోధచంద్రోదయమున కాపాలికఘట్టమును తప్పక చదువవలెను, తక్కినదానికి ఓర్పు కావలెను. నాసికేతోపాఖ్యానమును పూర్వభాగమునకై ప్రేమింపవచ్చును, నరకభాగమును ఆనాటి మనసునకు సాక్ష్యముగా పరిశీలింపవచ్చును. మన సీమ కవులని అన్నింటిని సమానముగా పొగడుట వారికి గౌరవము కాదు. చదివి, వెఱచినచోట వెఱచితిమనియు, విసిగినచోట విసిగితిమనియు చెప్పుటయే 500 ఏండ్ల క్రిందటి గ్రంథమునకు చేయదగిన మర్యాద. ఆత్మకూరు, ఉదయగిరి సీమలలో శాపములు చెక్కిన ఱాళ్లు ఇంకను నిలిచియున్నవి. వానిని చదివి వెఱచువారు నేడు లేరు. మఱ్ఱిచెట్టు క్రిందికి తిరిగివచ్చిన దాసరిని చదివినవారు మాత్రము ఆ రాత్రిని మఱచిపోజాలరు.